వేలంపాటాయన ఊపిరి

అయినా సూదిలోకి దారం ఎక్కకపోతే అది తన తప్పెలా అవుతుంది, అత్తగారి కళ్ళజోడు తప్పు కావచ్చు, సూది బెజ్జం మరీ సన్నదై ఉండవచ్చు, దారం కొస విచ్చుకుపోయి ఉండవచ్చు, ఇవేవీ కాకుండా, నువ్వలా నెత్తిమీద నిలబడి గుడ్లప్పగించి చూస్తుంటే ఎక్కదే, అవతలికి పో అనడమేమిటి, పొద్దున్నే, అదీ కూతురు వింటుండగా, ఆ పిల్ల నోట్లో బ్రష్షు పెట్టుకునే కిసుక్కున నవ్వడమేమిటి, తనేదో సాయం చేద్దామని కొస ఇటు తిప్పండి, కాస్త తడి చేయండి, ఆ, ఇప్పుడు పెట్టండి అని చెప్పిందే గాని చెయ్యి పట్టుకుని లాగలేదు కదా, ఈ రోజుల్లో మంచి చెప్పినా తప్పే అని సణుక్కుంటూ ఆమె ఐసీయూ తలుపును భుజంతో నెట్టింది, చేతులకు మందు రాసుకుంది, మాస్కును ముక్కు మీద నొక్కుకుంది, నొక్కుకోగానే అత్తగారూ సూదీ దారమూ తలుపు అవతలే ఉండిపోయాయి, ఎందుకంటే ఇక్కడికి వచ్చాక ఆమె చెవులు వేరే పని అందుకుంటాయి, వరుసగా ఉన్న మంచాల పక్కన మిషన్లు ఒక్కొక్కటి ఒక్కో తీరున గాలి పంపిస్తూ ఉంటాయి, తెలియనివాళ్ళకు అదంతా ఒకటే రొద, ఆమెకు మాత్రం పక్క గదిలో ఇంట్లోవాళ్ళు మాట్లాడుకుంటుంటే ఏ గొంతు ఎవరిదో తెలిసినట్టు తెలిసిపోతుంది, మూల మంచం పెద్దావిడకు కఫం పట్టింది, పక్కనున్న కుర్రవాడికి పైపు ఎక్కడో వదులైంది, చూడకుండానే చెప్పగలదు, చెప్పింది కూడా, వెళుతూ వెళుతూనే, సిస్టర్, ఆ బాబు పైపు ఒకసారి బిగించమ్మా అని, సిస్టర్ బిగించి, రేడియో అక్క వచ్చేసింది, ఇక మనకు నిద్ర రాదు అంది పక్కనున్నామెతో.

రేడియో అక్క అనే పేరు ఈ వార్డులో ఆమెకు ఎప్పుడు పడిందో ఆమెకే గుర్తులేదు, పేరు పెట్టినవాళ్ళు మానేసి వెళ్ళిపోయారు, పేరు మాత్రం ఉండిపోయింది, ఉండనీ, నోరున్నదే మాట్లాడడానికి, పెళ్ళయిన కొత్తలో అత్తగారు, డాక్టర్లు మందు రాస్తారు, సిస్టర్లు మందు వేస్తారు, మధ్యలో నువ్వేం చేస్తావమ్మా అని అడిగితే, ఊపిరి పోస్తానండి అని గొప్పగా చెప్పింది, అంత మాటనకు తల్లీ, అది దేవుడి పని అన్నారావిడ, ఆయన సెలవు పెట్టినప్పుడు డ్యూటీ నాదేనండి అంటే ఆవిడ నవ్వాలో తిట్టాలో తెలియక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు, అబద్ధమేం కాదు కదా, ఊపిరితిత్తులు మొరాయించినవాళ్ళకు మిషను పెట్టడం, ఎంత గాలి, ఎంత వేగంగా, ఎంత నెట్టుడుతో అన్నది చూడడం, కాస్త కోలుకున్నాక ఆ నెట్టుడు కొంచెం కొంచెంగా తగ్గించి మనిషిని మిషను నుంచి విడిపించడం, అదే ఆమె పని, పెట్టడం ఎవరైనా నేర్చుకుంటారు, విడిపించడంలోనే ఉంది విద్యంతా, ఆ విద్యలో తనకు తిరుగులేదని ఆమె నమ్మకం, ఆ నమ్మకానికి కిటికీ పక్క మంచం మీది వేలంపాటాయన రెండుసార్లు గండి కొట్టాడు.

కూరగాయల మార్కెట్లో బల్లెక్కి వేలం పాడే మనిషి, గొంతెత్తితే వీధి చివర బండ్లవాళ్ళు కూడా తల తిప్పుతారట, ఆయన భార్య చెప్పింది, చెబుతున్నంతసేపూ ఆయన పాదాలు రుద్దుతూనే ఉంది, నిమోనియా వచ్చి ఆ గొంతులోకి ట్యూబు దిగింది, ఇప్పుడు జ్వరం లేదు, ఎక్స్‌రే తేటపడింది, రక్తపరీక్షలన్నీ బుద్ధిగా ఉన్నాయి, మిగిలింది ఒక్కటే, ఆయన తనంతట తాను ఊపిరి తీయడం, అది మాత్రం కావడం లేదు, మిషను సాయం దాదాపు తీసేసి చూద్దామని పరీక్ష పెట్టిన ప్రతిసారీ కాసేపటికే ఊపిరి కుక్కలా ఎగదీయడం, నుదుటి మీద చెమట, గుండె పరుగు, కళ్ళు తేలేయడం, అలారం మోత, మళ్ళీ మిషను సాయం పెంచడం, తను ఏం తక్కువ చేసింది, రెండుసార్లూ ఆయన చెయ్యి పట్టుకుని పక్కనే నిలబడింది, అన్నయ్యా, లోపలికి తీసుకోండి, నిదానంగా, ఇంకాస్త గట్టిగా, అదీ, ఇంకొకటి అని గొంతు పోయేలా చెబుతూనే ఉంది, అయినా కాలేదు, అందుకని ఇవాళ మధ్యాహ్నం ఆపరేషన్ గదిలో గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి అక్కడి నుంచి గొట్టం పెడతారు, అదేమంత ఉపద్రవం కాదు, ఎందరికో పెడతారు, బాగయ్యాక తీసేస్తే పూడిపోతుంది, పెద్ద డాక్టరు నిన్న ఆయన భార్యకు అదే మాట ఎంతో ఓపిగ్గా చెప్పారు, ఆవిడ తల ఊపింది, డాక్టరు వెళ్ళాక ఈమె దగ్గరికి వచ్చి, మేడమ్, ఆ తర్వాత గొంతు వస్తుందా అని అడిగింది, వస్తుందమ్మా, చాలామందికి వస్తుంది అంటే, చాలామందికి కాదండీ, ఈయనకు, మునుపటి గొంతు, తప్పకుండా వస్తుందా అంది, దేనికైనా జవాబు తన్నుకొచ్చే నోటికి ఆ తప్పకుండా అనే ముక్క మాత్రం రాలేదు, అది నిన్నటి నుంచి గొంతులో చేప ముల్లులా ఉంది.

సరే, ముందు పని చూడాలి, సిస్టర్లందరూ డ్యూటీ మారుతూ బల్ల దగ్గర గుమిగూడారు, ఆయన భార్య మొహం కడుక్కోవడానికి బయటికి వెళ్ళింది, మిషను పైపుల్లో చేరిన నీటిని పారబోయడానికి ఆమె మంచం తలవైపుకు వెళ్ళి కింద కూచుంది, ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు, ఆమెను చూడలేదు, నీళ్ళ గిన్నె మర విప్పుతూ ఉంటే చెవి దానంతటదే మిషను శబ్దం మీద పడింది, పడి ఆగిపోయింది, ఇదెవరి ఊపిరి, ఇంత నిదానంగా, ఇంత పొడవుగా, ఒకటి పూర్తయ్యాక తీరిగ్గా ఇంకొకటి, మిషను సాయం ఇప్పుడు కొంచెమే, ఊపిరి అడుగుతున్నది ఆయనే, తీసుకుంటున్నదీ చాలావరకు ఆయనే, భలే, ఈ రోజు మంచిరోజులా ఉంది అనుకుంటూ లేచి మంచం పక్కకు వచ్చి, గుడ్ మార్నింగ్ అన్నయ్యా, ఈ రోజు ఊపిరి బాగా తీయాలి సుమా అంది, ఆయన కళ్ళు తెరిచి ఆమెను చూశాడు, అంతే, శబ్దం మారిపోయింది, పొట్టి పొట్టి ఊపిర్లు, ఒకదాని మీద ఒకటి తోసుకుంటూ, ఆయన భుజాలు పైకి లేస్తున్నాయి, పరీక్ష గదిలో కూచున్న పిల్లవాడిలా మొహమంతా బిగుసుకుంది, ఈ శబ్దాన్ని ఆమె ఎన్నిసార్లు విన్నదో, విన్న ప్రతిసారీ ఊపిరితిత్తుల నీరసం అనుకుంది, ఆమె మెల్లగా మళ్ళీ తలవైపుకు వెళ్ళి కింద కూచుంది, విన్నది, కొంతసేపటికి నిదానించింది, మళ్ళీ లేచి ఆయన కంటబడింది, ఉరుకులు, మళ్ళీ కూచుంది, నిదానం, సిస్టర్ అటుగా వస్తూ చూసి, అక్కా, నడుం పట్టేసిందా, లేవదీయమంటావా అంది, ఉష్ అంది ఆమె, సిస్టర్ నిర్ఘాంతపోయింది, రేడియో అక్క ఉష్ అనడం ఈ వార్డులో అదే మొదలు.

నువ్వలా చూస్తుంటే ఎక్కదే, తలుపు అవతల వదిలేసిన అత్తగారు ఎప్పుడు లోపలికి వచ్చారో వచ్చారు, అబ్బ, ఈవిడ మాట నిజం కావడానికి వేరే చోటే దొరకలేదా, సరే చూద్దాం అని ఆమె మాస్కు వెనక తన ఊపిరినే గమనించింది, గమనించీ గమనించగానే అది పాడైపోయింది, ఎంత తీయాలో తెలియలేదు, తీసింది చాలలేదనిపించింది, వదలడం ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు, అంతవరకు ఎవరూ అడగకుండా ఎవరూ చెప్పకుండా సాగిపోతున్న పని ఒక్క చూపుకు తడబడింది, తనకే ఇలా ఉంటే ఆ మనిషికి ఎలా ఉండాలి, పైగా బల్లెక్కి నిలబడి నలుగురూ చూస్తుంటే బలమంతా గొంతులోకి తెచ్చుకుని పాడే మనిషి, చూసేవాళ్ళుంటే ఒళ్ళు దాచుకోవడం తెలియదు, తను చెయ్యి పట్టుకుని ఇంకా, ఇంకాస్త గట్టిగా అంటుంటే, పాపం పాడినట్టే తీశాడు ఊపిరి, ఉన్న బలమంతా మొదట్లోనే ఖర్చుపెట్టేశాడు, మిషనుకు ఏది ఎంతో చెప్పి చెప్పి, చెప్పిందల్లా అది చేస్తుంటే చూసి చూసి, మనిషికీ అలాగే చెప్పడం అలవాటైపోయింది, ఈ పని చేసేవాళ్ళకే పట్టే జబ్బిది, ఒక్క క్షణం ఆమెకు ఒళ్ళు చచ్చిపోయినట్టయింది, ఒక్క క్షణమే, వెంటనే పైపులో గాలి ఎక్కడ పోతోందో దొరికినప్పటి హుషారు వచ్చింది, దొరికింది కదా, దొరికినదాన్ని సరిచేయడం ఎంతసేపు, మధ్యాహ్నానికి ఇంకా వ్యవధి ఉంది.

పెద్ద డాక్టరు చెయ్యి కడుక్కుంటూ విన్నారు, రెండుసార్లు చూశాం కదమ్మా, ఆయన్నెందుకు మళ్ళీ అలిసిపోయేలా చేయడం అన్నారు, ఊపిరితిత్తులు వాటంతటవి అలవలేదు సార్, మనమే అలిసేలా చేశాం, నేనే చేశాను, ఒక్కసారి నా పద్ధతిలో చూద్దాం అంది, ఏమిటి నీ పద్ధతి, నేను మాట్లాడను సార్, ఆయన చెయ్యి తుడుచుకోవడం ఆపి కళ్ళజోడు మీదుగా చూశారు, నువ్వా, ఔను సార్ నేనే, వెనక సిస్టర్ దగ్గినట్టు నవ్వింది, సరే, దానికోసమైనా చూడాల్సిందే, కాని చెమట పట్టినా ఆక్సిజన్ పడిపోయినా వెంటనే వెనక్కి, పంతాలు పనికిరావు, అయ్యో, పంతం నాకెందుకు సార్, అయితే ఆ మంచం ముందు రౌండ్సు ఆగొద్దు, మిషను తెర ఆయనకు కనపడకుండా నా వైపు తిప్పుకుంటాను, అలారాలు సిస్టర్ల బల్ల దగ్గర మోగేలా పెడతాను, పరీక్ష అని ఎవరూ ఆయనతో అనొద్దు అంటే, డాక్టరు, ఆ మాట నాకూ తోచలేదు చూడు, పరీక్ష పెడుతున్నాం అని ప్రతిసారీ నేనే చెప్పాను ఆయనకు అని తనలో తాను అనుకుంటున్నట్టు అన్నారు, అందుకే ఆమెకు ఆయనంటే ఇష్టం.

ఇక వేలంపాటాయన భార్యకు చెప్పాలి, అదీ ఆయనకు వినపడకుండా తలుపు దగ్గర, ఆవిడకు చెప్పడమే కష్టం, అమ్మా, మీరు ఆయన పక్కన కూచోండి, ఆయన ఛాతీ వైపు చూడొద్దు, ఊపిరి తీయండి అనే మాట మీ నోట రాకూడదు, దేవుడి పేరు కూడా వద్దు, ఏడవకూడదు, మరేం చేయను మేడమ్, మాట్లాడండి, ఇంట్లో ఆయనతో మామూలుగా ఏం మాట్లాడతారు, ఆవిడ ఆలోచించి, మామూలుగా అంటే, పోట్లాడుకుంటామండీ అంది సిగ్గుపడుతూ, అదీ, అది కావాలి, పోట్లాడండి, ఈ స్థితిలో ఉన్న మనిషితోనా అని ఆవిడ కళ్ళు పెద్దవి చేసింది, ఆయన స్థితి బాగానే ఉందమ్మా, మనమే బాగాలేము అని ఆవిడ భుజం తట్టి ఆమె మంచం తలవైపుకు, ఆయనకు కనపడని చోటికి వెళ్ళి నిలబడింది, మర తిప్పి మిషను సాయం తగ్గించింది, నోరు మూసుకుంది.

నోరు మూసుకోవడం ఇంత పెద్ద పని అని ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది, ఆయన మొదటి ఊపిరి తీశాడు, భేష్ అనబోయి పళ్ళు బిగబట్టింది, రెండోది, నాలుక దురద, భార్య గొంతు వణుకుతూ మొదలైంది, ఇంటి వెనక కుళాయి మళ్ళీ కారుతోందండీ, మీరు బాగుచేశానన్నారు, ఏం బాగుచేశారో ఏమో, రాత్రంతా టప్ టప్ టప్, ఆయన ఆవిడ వైపు తల తిప్పాడు, మీ అక్కగారు వచ్చి వారమైంది, వంటిల్లంతా సర్దేశారు, ఏ డబ్బా ఎక్కడుందో నాకే తెలియడం లేదు, ఆవిడ గొంతు తన దారిన పడింది, వణుకు పోయి కాస్త వేడి చేరింది, ఇంటి మాటలకు ఉన్న బలం అది, తెర మీద గీతలు నిండుగా గుండ్రంగా వస్తున్నాయి, ఆమె ఆయన నెత్తి వైపు నుంచి కిందికి చూస్తోంది, ఛాతీ లేస్తోంది, పొట్టా దానితోపాటే లేస్తోంది, మెడ కండలు ఊరికే ఉన్నాయి, మునుపటి రెండుసార్లూ ఈపాటికి చెమట పట్టింది, ఇప్పుడు నుదురు పొడిగా ఉంది, రౌండ్సు వచ్చి, అటు చూడకుండానే పక్క మంచానికి వెళ్ళింది, పెద్ద డాక్టరు ఓరకంట చూస్తూ అటు తిరిగిన తీరుకు ఆమెకు నవ్వొచ్చింది, అన్నీ బాగున్నాయి, బాగున్నాయి అనుకుంటూ ఉండగా, ఇంకో మాట, మీ తమ్ముడు మీ బల్లెక్కి వేలం పాడుతున్నాడు అంది భార్య, అనగానే ఊపిరి ఎగిరింది.

ఎగిరింది, అంకెలు పైకి పోతున్నాయి, ఊపిరీ గుండే రెండూ, బల్ల దగ్గర సిస్టర్ సగం లేచి నిలబడింది, ఆమె చెయ్యి మనసు కంటే ముందే మర మీదికి వెళ్ళింది, ఇన్నేళ్ళుగా ఆ చెయ్యి అలాగే వెళుతుంది, వెళ్ళి ఎందరినో కాపాడింది, తిప్పెయ్, తిప్పి సాయం పెంచెయ్, మధ్యాహ్నం రంధ్రం పెట్టించెయ్, ఎవరూ నిన్నేమీ అనరు, భార్య బెదిరిపోయి మాట ఆపేసి తలెత్తి ఈమె వైపు చూసింది, ఆ చూపులో నిన్నటి ప్రశ్న అలాగే ఉంది, తప్పకుండా వస్తుందా, ఆగు, చూడు, చదువుకున్నది ఇందుకే కదా, ఆక్సిజన్ అంకె కదల్లేదు, నుదురు పొడి, మెడ దగ్గర గుంట పడడం లేదు, ఊపిరి వేగంగా ఉంది, నిజమే, కాని పొట్టిగా లేదు, ఒక్కొక్కటీ మునుపటికంటే పెద్దది, అలిసినవాడి ఊపిరి ఇంత పెద్దగా ఉండదు, మరేమిటిది అని ఆయన మొహం మీదికి ఇంకాస్త వంగి చూస్తే, తలకిందులుగా కనబడుతున్న ఆ మొహంలో కనుబొమలు రెండూ ముడిపడి ఉన్నాయి, ఓరి నాయనా, ఈ మనిషికి ఆయాసం కాదు, కోపం, తమ్ముడి మీద ఒళ్ళు మండుతోంది, ఆమె చెయ్యి మర మీదే ఉంది, తిప్పలేదు, రెండో చేత్తో భార్యకు సైగ చేసింది, కానివ్వండి, కానివ్వండి, ఆవిడ అందుకుని, వాడి గొంతు పీలగా ఉందట, మూడో వరుస దాకా కూడా వినపడడం లేదట, కొనేవాళ్ళు ఏమిటీ ఏమిటీ అని అరుస్తున్నారట, టమాటాలు పాడుతూ వంకాయలన్నాడట, అంది, ఆయన కుడిచెయ్యి దుప్పటి మీద నుంచి లేచింది, వేలు చాచి గాలిలో ఏదో కొట్టిపారేసినట్టు ఊపాడు, ఊపి, ఒక పెద్ద ఊపిరి తీసి వదిలాడు, విసుగుతో మనిషి వదిలే మామూలు నిట్టూర్పు, ఎవరూ చెప్పకుండా, ఎవరూ లెక్కపెట్టకుండా, దాని వెనక ఊపిర్లన్నీ మెల్లగా నిదానించి వరుసలోకి వచ్చాయి, ఆమె మర మీది నుంచి చెయ్యి తీసి నడుం మీద పెట్టుకుంది, సిస్టర్ కూచుంది, భార్య తోటికోడలి సంగతి ఎత్తుకుంది.

గంట గడిచినా ఆవిడ ఆపలేదు, ఆపమని ఆమె సైగ చేయాల్సి వచ్చింది, డాక్టరు వచ్చి చూశారు, విన్నారు, రక్తపరీక్ష చూశారు, ఆపరేషన్ గదికి ఫోన్ చేసి వద్దని చెప్పమన్నారు సిస్టర్‌తో, తీసేద్దాం అన్నారు ఈమెతో, ఆమె అప్పటికే చేతి తొడుగులు వేసుకుని ఉంది, కఫం లాగేసింది, గొంతు వాయలేదని తెలుసుకోవడానికి ట్యూబు చుట్టూ గాలి జారుతోందో లేదో చూసింది, కట్లు విప్పింది, దగ్గండి అని చెప్పాల్సింది మామూలుగా తనే, కళ్ళతో డాక్టరుకు వదిలేసింది, ఒక పెద్ద దగ్గు దగ్గండయ్యా అన్నారాయన, దగ్గులోనే ట్యూబును ఒక్క ఒడుపున బయటికి లాగేసింది, ఆయన ఉక్కిరిబిక్కిరై, దగ్గి, ఉమ్మి, మళ్ళీ దగ్గి, ఆ తర్వాత ఏ గొట్టమూ లేని నోటితో లోపలికి ఊపిరి తీసుకున్నాడు, ఆమె ఆక్సిజన్ మాస్కు పెట్టింది, స్టెతస్కోపు మెడ దగ్గర ఆనించి విన్నది, దారి తెరుచుకునే ఉంది, గాలి రెండువైపులకూ చక్కగా వెళుతోంది, భార్య వంగి ఆయన నోటి దగ్గర చెవి పెట్టింది, ఆ గొంతు వచ్చింది, ఇసుకలో ఈడ్చిన రేకులా గరగరమంటూ, కాని ఆయనదే, ఆ వెధవను బల్ల దిగమను అన్నాడు, భార్య అప్పటిదాకా దాచుకున్న ఏడుపంతా ఒక్కసారిగా వచ్చి, నవ్వు కూడా దానితోపాటే వచ్చి, ఏది ముందో తెలియక కొంగు మొహానికి కప్పుకుంది.

మాస్కు పట్టీ సరిచేస్తున్న ఆమె వైపు ఆయన కళ్ళు తిరిగాయి, కాసేపు చూశాడు, కళ్ళు తప్ప ఏమీ కనపడని ఈ మొహాన్ని ఏమని గుర్తుపడతాడు, ఈవిడెవరు అని భార్యను అడిగాడు, ఆవిడ చెప్పబోయేలోగా, పొద్దున పలకరించిన ఆ లొడలొడ మాట్లాడే ఆవిడ మళ్ళీ రాలేదా అన్నాడు, ఊపిరి కూడదీసుకుని, రాకపోవడమే మంచిదైందిలే, ప్రాణానికి హాయిగా ఉంది, భార్య చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఈమెను చూసింది, వెనక సిస్టర్ గోడ వైపు తిరిగిపోయింది, ఆమె నోటి దాకా ఎన్ని జవాబులు వచ్చాయని, ఆ లొడలొడ ఆవిడే అన్నయ్యా మిమ్మల్ని విడిపించింది అని ఒకటి, మీ గొంతు కోసం నేనెన్ని తిప్పలు పడ్డానో తెలుసా అని ఇంకొకటి, అన్నీ పళ్ళ వెనక బారులు తీరి నిలబడ్డాయి, ఒక్కదాన్నీ పోనివ్వలేదు, భార్యకు కూడా చెప్పొద్దని తల అడ్డంగా ఊపింది, దిండు సర్దింది, దూరంగా జరిగింది, ఆయన కళ్ళు మూసుకున్నాడు, ఊపిరి దాని పని అది చేసుకుపోతోంది, ఇప్పుడు దానికి ఏ శబ్దమూ లేదు, ఆమె చెవులకు కూడా అందడం లేదు, ఊపిరి పోస్తానని ఇన్నేళ్ళూ గొప్పలు చెప్పుకుంది గాని పోసింది ఎక్కడ, అది మొదటి నుంచీ ఆయనదే, తను చేయగలిగిందల్లా దానికి అడ్డం రాకుండా పక్కన నిలబడడం, అలా నిలబడడానికి తనకున్న చదువంతా, చెవులూ, చెయ్యీ కావాల్సి వచ్చింది, ఇంతకంటే పెద్ద పని ఇంతవరకు తను చేయలేదు, అందులో తనెవరో ఆయనకు తెలియకపోవడం ఆమెకు లోటుగా తోచలేదు, గర్వంగానే అనిపించింది.